పులిసిన కల్లు పారబోయవలెనా?

మైపాడు మొదలు తుమ్మలపెంట వరకు ఇసుక దిబ్బలపై తాటిచెట్లు గల గ్రామములలో మేము తరచు చూచునదేమనగా, ఉదయము దించిన కల్లులో అమ్ముడుపోనిది మరునాటికి మిక్కిలి పులిసి నేలపాలగుచున్నది. గీతగాడు ప్రాణమొడ్డి దించిన సరకు ఇట్లు పోవుట న్యాయము కాదు.

పులియుట చెడుట యని పలువురి తలంపు. ఫ్రాన్సు దేశమున తూర్పుననున్న జురా సీమ రైతులు దీనికి వేరు సమాధానము చెప్పుదురు. వారు తెల్లద్రాక్ష సారాను పీపాలలో ఆరేండ్లకు పైగా నిలువయుంచెదరు. ఆవిరియై తరిగినను మరల నింపరు. సారాపై ఈస్టు అను సూక్ష్మజీవి మీగడవలె తెరగట్టి, గాలి మితిమీరి సోకకుండ కాపాడును. లీటరుకు 62 సెంటీలీటర్లే మిగులునని, సీసాను గూడ ఆ కొలతకే చేయింతురు. ఆ సీమలోనే పెరిగిన పాస్తరు పండితుడు 1860 తరువాతి యేండ్లలో సారాను, సిర్కాను శోధించి, ఈ మార్పులన్నియు సూక్ష్మజీవుల పనియేయని నిరూపించెను.

అట్లని కల్లును ఏండ్ల తరబడి నిలువచేయుడని మేము చెప్పము. ఆ సారాలో మద్యసారము నూటికి 13 మొదలు 15 పాళ్లుండును. మన కల్లులో 4, 5 పాళ్లకు మించుట అరుదు. అంత పలుచని దానిని గాలికి విడిచినచో సిర్కా యగుట తప్పదు. తప్పనిదానిని మనమే శుచిగా జరిపించుకొనుట మేలు.

పులిసిన కల్లును వడగట్టి, వెడల్పు మూతిగల శుభ్రమైన కుండలో ముప్పాతిక వంతు పోసి, కాచని పాత సిర్కా కొంత కలుపవలెను. మూతికి బట్టగట్టి, నీడపట్టున కొన్ని వారములు కదల్పక యుంచవలెను. ఇనుప, రాగి పాత్రలు కూడవు. అమ్మకపు సిర్కాలో ఎసిటిక్ ఆమ్లము నూటికి 3.75 పాళ్లకు తక్కువ యుండరాదు. కావున పరీక్ష చేయింపక అమ్మరాదు. బెల్లము వండగోరువారు సున్నము పూసిన ముంతలు ముందే వేరుగా కట్టవలెను. పులిసినది బెల్లమునకు పనికిరాదు.

కొనువారెవరని కొందరడుగవచ్చును. గోవాలో కొబ్బరికల్లు సిర్కా ఇంటింట వంటకెక్కినది. మన తీరమున చేపల, రొయ్యల పచ్చళ్లు పెట్టువారికిని ఇది అక్కరకు వచ్చును. అయినను ఒక్క గీతగాడు కుండలు, పరీక్ష, ఆబ్కారీ శాఖవారి అనుమతి సమకూర్చుకొనలేడు. సంఘమే పూనుకొని, మిగులు కల్లును ఏనాటికానాడు తగిన ధరకు కొనవలెను. కొనువాడున్నచో మిగులు కల్లులో మందు కలిపి మరునాడు అమ్మజూచు దుర్బుద్ధికిని చోటుండదు.

1992లో ఈ జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. అట్టి తల్లులున్న జిల్లాలో, మత్తు లేని సరకుతో గీతగాని ఇంట అన్నము పుట్టించుట మన సంఘములకు తగిన పని. వచ్చు గీత కాలమునకు ముందే సభ్యులు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి, పది కుండలతోనైనను ఆరంభింతురని కోరుచున్నాము.