యాకోబు ఒప్పుకున్న పేరు

2003లో అమెరికాలోని లిండెన్ ల్యాబ్ 'సెకండ్ లైఫ్'ను మొదలుపెట్టింది. అందులో గెలుపోటములు లేవు. కంప్యూటర్ తెర మీద ఇంకో మనిషిగా బతకడమే పని. తొలి ఏళ్లలో చేరేవాళ్లు తమ పేరు తామే పెట్టుకుని, ఇంటిపేరును కంపెనీ ఇచ్చిన జాబితాలోంచి ఏరుకునేవారు. ఒళ్లు, రంగు, వయసు, చివరికి ఆడో మగో కూడా ఎవరిష్టం వాళ్లది. ఇవాళ మన పిల్లల గేమింగ్ ఐడీల్లో, ఇన్‌స్టాలోని దొంగపేర్ల ఖాతాల్లో ఉన్నదీ ఆ ఆకర్షణే.

దీన్ని పాపమని ఒక్క మాటలో తేల్చేసే ప్రసంగాలు విన్నాను. నాకవి చాలవు. సప్లీలు మిగిలిపోయిన కుర్రాడు, ఒంటి రంగు గురించి సొంత ఇంట్లోనే మాటలు పడ్డ అమ్మాయి అక్కడికి పోతున్నది విలాసానికి కాదు, కాస్త ఊపిరి తీసుకోవడానికి.

ఇంకో మనిషిగా మారాలన్న ఆ కోరిక బైబిల్లోనూ ఉంది. ఆదికాండం 27వ అధ్యాయం తీయండి. చూపు మందగించిన ఇస్సాకు దగ్గరికి యాకోబు తన అన్న ఏశావు బట్టలు తొడుక్కుని, చేతులకూ మెడకూ మేకపిల్లల చర్మం కప్పుకుని వెళ్లాడు. నువ్వెవరని తండ్రి అడిగితే ఏశావునన్నాడు. దీవెన దక్కింది, ఇల్లు మాత్రం దక్కలేదు. ప్రాణభయంతో హారానుకు పారిపోయి ఇరవై ఏళ్లు మేనమామ లాబాను దగ్గర చాకిరీ చేశాడు. తిరిగొస్తూ యబ్బోకు రేవు దగ్గర ఒంటరిగా మిగిలిన రాత్రి, తెల్లవారేదాకా తనతో పెనుగులాడినవాడు అడిగింది పేరే. ఈసారి యాకోబునని చెప్పాడు. ఆ తర్వాతే ఇశ్రాయేలన్న కొత్త పేరు, దీవెన వచ్చాయి. కొత్త మనిషి కావాలన్న కోరికను దేవుడు తప్పు పట్టలేదు. ఉన్న పేరు నోరారా చెప్పించి మరీ తీర్చాడు. తొడ మీద తగిలిన దెబ్బను మాత్రం అలాగే ఉంచాడు. ఇశ్రాయేలు కుంటుతూనే నడిచాడు.

ఇక్కడ నన్ను నిలదీసే జీవితం ఒకటుంది. నార్వేకు చెందిన మాట్స్ స్టీన్‌కు కండరాలను క్షీణింపజేసే డూషెన్ జబ్బు. చక్రాల కుర్చీలోంచి 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆన్‌లైన్ ఆటలో ఇబెలిన్ అనే బలశాలిగా తిరిగాడు. 2014లో, 25 ఏళ్లకు చనిపోయాడు. కొడుక్కి స్నేహితులే లేరని కుమిలిపోయిన తల్లిదండ్రులు అతని బ్లాగులో మరణవార్త పెడితే, దేశదేశాల నుంచి ఈమెయిళ్లు వచ్చిపడ్డాయి. అతను ఓదార్చినవాళ్లు, ధైర్యం చెప్పి నిలబెట్టినవాళ్లు రాసినవి. ఆ ప్రేమ ఉత్తిదని ఏ క్రైస్తవుడూ అనకూడదు. అయితే మాట్స్ ఏళ్ల తరబడి వాళ్ల దగ్గర జబ్బును దాచాడు. చివరి కాలంలోనే దాని గురించి రాశాడు. అది తెలిశాక కూడా వాళ్లు అతన్ని వదల్లేదు. కొందరు విదేశాల నుంచి ఓస్లోకు వచ్చి అతని శవపేటిక పక్కన నిలబడ్డారు. దాచుకోవలసి వచ్చిన ఆ ఏళ్ల గురించే నా బాధ.

మన విశ్వాసమంతా దేవుడు శరీరధారి అయ్యాడన్న దాని మీదే నిలబడి ఉంది. జనం చులకన చేసిన నజరేతు పేరును యేసు మోశాడు. తిరిగి లేచాక కూడా గాయాలు మాసిపోని దేహంతోనే తోమా ముందు నిలబడ్డాడు. అలాంటి ప్రభువును ఆరాధించే మన సంఘాల్లో సాక్ష్యం చెప్పేది ఎవరు? వీసా వచ్చినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు, రోగం నయమైనవాళ్లు. ఇంకా నయం కానివాళ్లు "ప్రైజ్ ద లార్డ్, బాగున్నామండీ" అని నవ్వి, వెనక వరసలో కూర్చుని వెళ్లిపోతారు. మేకచర్మం కప్పుకోవడం పిల్లలు సెల్‌ఫోన్‌లోనే నేర్చుకోలేదు, మన దగ్గరా నేర్చుకున్నారు.

అందుకే ఫోన్లు లాక్కోమని తల్లిదండ్రులకు చెప్పేముందు పెద్దలు ఒక పని చేయాలి. యౌవనస్థుల కూడికలో సంఘ పెద్ద తనకింకా తీరని అప్పు గురించి, పాస్టరు గారు జవాబు రాని తన ప్రార్థన గురించి ముందుగా నోరు విప్పాలి. ఆ రోజు పిల్లల చేత ఏమీ చెప్పించవద్దు. వాళ్లంతట వాళ్లు మాట్లాడటానికి ఎన్ని వారాలు పట్టినా ఆగుదాం.