లెక్క లేని పిట్టలు

నల్లగొండ జిల్లా చిట్యాల చుట్టుపక్కల చెరువులకు చలికాలంలో వచ్చే పిట్టలు ఇరవై ఏళ్ల కిందటి కంటే తగ్గాయా, పెరిగాయా? ఇక్కడే పుట్టి, ఇక్కడి బళ్లలో చదువుకుని, నలుగురిలో మాట చెల్లేవాళ్లం ఇంతమందిమి ఉన్నాం. ఒక్కరమూ జవాబు చెప్పలేం. తగ్గాయని మాత్రం అందరం అంటాం. టీ కొట్టు దగ్గర అంటాం, పెళ్లి భోజనాల దగ్గర అంటాం. ఏమిటి రుజువని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఒక్క నోటుబుక్కు లేదు. బోరు ఎన్ని ఇంచులు పోస్తుందో మనకు తెలుసు. బత్తాయి టన్ను ధర, హైవే పక్కన గజం ధర నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కట్ట మీద నిలబడితే కళ్లకెదురుగా ఉండే ప్రాణుల్ని మాత్రం ఏ సంవత్సరమూ లెక్కపెట్టలేదు.

అది పట్నపోళ్ల సరదా అనేది మనం చెప్పుకునే మొదటి సాకు. 1931-32లో సాలిం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశాడు. సర్కారు ఖర్చులు భరించింది, ఆయన జీతం తీసుకోలేదు. పాలమూరు నల్లమలలో మన్ననూరు, ఫర్హాబాద్ దాకా వచ్చి చూసిన ప్రతి పిట్టనూ రాసిపెట్టుకున్నాడు. ఆయన బొంబాయి మనిషి. ఆయన వచ్చి పోయి తొంభై ఏళ్లు దాటినా ఆ పని మనం ఎత్తుకోలేదు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. దానికి ఎవరూ డిగ్రీ అడగరు. ఒక చెరువును ఎంచుకుని, ఏటా అదే రోజుల్లో పోయి, కనబడినవాటిని రకం వారీగా రాసి పంపాలి, అంతే. హైదరాబాదు నుంచి పక్షులు చూసేవాళ్లు పానగల్లు ఉదయసముద్రానికి పోవాలంటే మన చిట్యాల మీదుగానే పోయి, నార్కట్‌పల్లి దగ్గర మలుగుతారు. ఆ కార్లను ఆపి, అయ్యా మా చెరువు కూడా ఒకసారి చూసి పోండి, మా పిల్లలకు నాలుగు పేర్లు చెప్పి పోండి అని మనం అడగలేదు.

పత్రికల్లో రాసే మా సంగతి ఇంకా అన్యాయం. డిసెంబరు రాగానే ఒక ఫొటో, దాని కింద ‘సైబీరియా అతిథుల సందడి’ అని ఒక శీర్షిక. ఫొటోలో చూస్తే ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి. అవి ఈ దేశంలోనే గూడు కట్టి పిల్లల్ని పెంచే పక్షులు, సైబీరియా మొహం చూసి ఎరగవు. నిజంగా ఉత్తరాసియా నుంచి వచ్చే సూదితోక బాతులు అదే చెరువులో అవతలి ఒడ్డున నల్లగా చుక్కల్లా కనబడతాయి. వాటి దాకా మా కెమెరా పోదు, మా ఓపికా పోదు. ఏటా అదే వార్త రాశాం కాబట్టి, పక్షులు ఏటా అలాగే వస్తున్నాయని చదివినవాళ్లు నమ్మారు.

2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ వచ్చింది. పూడిక తీయాలన్నది న్యాయమైన కోరిక, అందులో తప్పు లేదు. ఆ మట్టి చేలకు పోయింది, కట్టలు గట్టిపడ్డాయి, తూములు బాగయ్యాయి. కానీ జేసీబీ చెరువులో దిగినప్పుడు గుంట ఎంత లోతు పోతోంది, అంచు ఎంత నిటారుగా తెగుతోంది అని కట్ట మీద నిలబడి చూసిన మనం ఏమీ అనలేదు. ఉల్లంకి పిట్టలు మేసేది చీలమండ లోతు నీటిలో, తడి ఆరని బురదలో. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు అడుగు, అడుగున్నర లోతు చాలు. నీళ్లు మెల్లగా వెనక్కి తగ్గుతూ రోజుకింత బురద బయటపడే ఏటవాలు అంచే వాటి పళ్లెం. దాన్ని నిలువునా కోసేశాం. శిఖంలో నీటి మధ్య నిలబడిన తుమ్మచెట్లను అడ్డమని కొట్టేశాం. కొంగలూ నీటికాకులూ గూళ్లు పెట్టుకునేది వాటి మీదే. నాలుగు చెట్లు వదలండి, ఒక పక్క అంచు లోతు చేయకండి అని ఒక్క గ్రామసభలో ఒక్క తీర్మానం చేసి ఉంటే ఏ ఇంజనీరూ కాదనేవాడు కాదేమో. మనకు ఆ మాటే తట్టలేదు.

చట్టం చూసుకుంటుందిలే అనేది రెండో సాకు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు తీసి చదవండి. సేద్యం కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన నీటి వనరులు అందులోకి రావు. మన చెరువులన్నీ సేద్యానికి కట్టినవే. అంటే కందూరు చోడులు కట్టించారని మనం గొప్పగా చెప్పుకునే ఉదయసముద్రం లాంటిది కూడా ఆ లెక్కలో చిత్తడి నేల కాదు. ఇక మిగిలింది 2002 జీవవైవిధ్య చట్టం. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ పిట్టా పురుగూ రాసిన రిజిస్టరు ఉండాలి. ఆ పని 2020 జనవరి ఆఖరుకల్లా ముగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. మన ఊరి రిజిస్టరు ఏ బీరువాలో ఉంది? అందులో మన చెరువు పిట్టలు ఎన్ని రకాలు? అడగవలసింది ఊళ్లో ఉన్నవాళ్లమే. నాకు తెలిసినంతలో ఎవరమూ అడగలేదు.

చౌటుప్పల్ నుంచి మన దాకా హైవే పొడవునా లేచిన రసాయన పరిశ్రమల గురించి కూడా నిజం చెప్పుకోవాలి. వాసన వచ్చిన రాత్రి కిటికీలు మూసుకున్నాం. చేపలు చచ్చి తేలితే పరిహారం అడిగాం, అడగాల్సిందే, అది బతుకుదెరువు. బాతు చస్తే పరిహారం అడగడానికి దానికి సొసైటీ లేదు. మన ఉద్యోగాలు, మన పిల్లల ఉద్యోగాలు అక్కడ ఉన్నాయి కాబట్టి గొంతు ఎంత వరకు లేపాలో మనకు బాగా తెలుసు. ఇక్కడ కూడా పిట్టల్ని చూడటం రాకపోవడం మనల్ని మోసం చేసింది. మురుగు చేరిన నీటిలో పొడుగు కాళ్ల ఉల్లంకులు, గరిటెమూతి బాతులు గుంపులు గుంపులుగా చేరతాయి, ఆ నీటిలో వాటికి మేత ఎక్కువ. నిండుగా పిట్టలున్నాయి, చెరువు బాగానే ఉందని మురిసిపోతాం. లోపలికి మునిగి నాచు మొక్కలు మేసే ఎర్రతల బాతులకు ఎండ అడుగు దాకా దిగే నీళ్లు కావాలి. అవి రావడం ఎప్పుడు మానేశాయో ఎవరికి తెలుసు? గుంపును చూశాం గానీ రకాన్ని చూడలేదు.

ఇంత చెప్పాక కూడా, బైనాక్యులర్లు లేకనే చూడలేదంటే నేను ఒప్పుకోను. శ్రీకాకుళం తేలినీలాపురంలో, అనంతపురం వైపు వీరాపురంలో కొంగలు ఊరి నడుమ చెట్ల మీదే గూళ్లు కడతాయి. రెట్ట వాకిట్లో పడుతుంది, కంపు కొడుతుంది. అయినా ఆ ఊళ్లవాళ్లు గూళ్ల మీద రాయి వేయనివ్వరు. అవి వస్తేనే వానలని వాళ్ల నమ్మకం. వాళ్లు మనకంటే ఎక్కువ చదువుకున్నవాళ్లేమీ కాదు. మన పెద్దలకూ ఆ చూపు ఉండేది. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవాడికి గులాబీ గోరింకల దండు ఎప్పుడు దిగుతుందో తెలుసు, శత్రువుగానైనా తెలుసు. జొన్న పోయి పత్తి వచ్చింది, మంచె పోయింది. దసరా నాడు పాలపిట్టను చూడటానికి ఊరంతా కదులుతాం, మరునాడు దాని ఊసు ఎత్తం.

2024 డిసెంబరులో బ్రాహ్మణ వెల్లెంల రిజర్వాయరులోకి కృష్ణా నీళ్లు వచ్చాయి. ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన ఈ జిల్లాలో ఆ నీళ్లకు పూలు చల్లడం సహజం. కాలువలు సాగితే మన కుంటలూ నిండుతాయి. అయితే మాఘంలో కూడా నిండుగా ఉన్న చెరువులో బురద బయటపడదు, ఉల్లంకులకు చోటు ఉండదు. లోతు నీళ్ల పక్షులు వస్తాయేమో, పట్టీతల బాతులు ఆగుతాయేమో. లాభమా నష్టమా అన్నది నీళ్లకు ముందు ఏముందో రాసిపెట్టిన వాళ్లకే తెలుస్తుంది. ఆ ముందునాటి లెక్క రాసే అవకాశం కుంట కుంటకూ ఒక్కసారే ఉంటుంది. కొన్నిటికి అప్పుడే దాటిపోయింది, మిగిలినవాటికి ఈ ఒకటి రెండు చలికాలాలే.

జనవరి గణన సంక్రాంతికి అటూ ఇటూగా వస్తుంది. బడులకు సెలవులు, ఆఫీసులకు సెలవులు, పట్నం పిల్లలంతా ఊళ్లోనే ఉంటారు, ప్రతి ఒక్కరి చేతిలో కెమెరా ఉన్న ఫోనుంటుంది. తీరిక లేదనే మూడో సాకు కూడా మనకు మిగల్లేదు.