గృహగోష్ఠి: నవ్వవలెనా, నొచ్చుకొనవలెనా?



ఈ నెల గోష్ఠికి విషయమును మా పెద్దపిల్ల సమకూర్చినది. ఒకనాటి రాత్రి భోజనములైన పిదప తన సెల్‌ఫోనున ఒక ఆంగ్లగీతమును వినిపించి, చరణము చరణమునకు మాకు అర్థము చెప్పినది. పాట ముగియుసరికి పిల్లలు నవ్వుచుండిరి. మా అత్తగారు "అయ్యో పాపము!" అనిరి. మా వారు మాత్రము ఏమియు పలుకక కండువా మడత పెట్టుకొనుచుండిరి. ఒక్క పాట ఒక్క యింట ఇన్ని విధముల పనిచేయుట చూచి, దీనిని మీ ముందుంచవలెనని తోచినది.

ఆ పాట పాడినవాడు అమెరికా దేశీయుడైన ఆల్ఫ్రెడ్ యాంకొవిక్. 'వియర్డ్ ఆల్', అనగా వింత ఆల్, అను పేర లోకమెరిగినవాడు. 1959లో కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. బాల్యమున నేర్చినది అకార్డియను వాద్యము. మన హార్మోనియమునకు చుట్టమే గాని, ఎదపై తగిలించుకొని తిత్తిని సాగదీయుచు వాయించునది. ప్రసిద్ధగీతముల వరుసలు ఉంచుకొని మాటలు మార్చి నవ్వు పుట్టించుట ఇతనికి ముఖ్యవృత్తి. 1984లో మైకేల్ జాక్సన్ పాడిన 'బీట్ ఇట్' అను పాటను 'ఈట్ ఇట్' అని తిండిపాటగా మార్చి ప్రఖ్యాతుడయ్యెను. పేరడీశాస్త్రి యని పేరొందిన మన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు కవిత్వమునకు చేసిన పనిని ఇతడు పాటలకు చేసెననిన సులువుగ బోధపడును. 2014లో ఇతని 'మాండేటరీ ఫన్' అను సంపుటము ఆ దేశపు పట్టికలో నేరుగ మొదటి స్థానముననే ప్రవేశించినది. హాస్యగీతముల సంపుటమొకటి అట్లు ప్రవేశించుట అదియే మొదలు.

అయితే ఇతని పాటలలో అనేకము ఒరుల వరుసలు గావు, స్వంతముగ కట్టినవి. వీనియందును ఒక గాయకునియొక్కయో బృందముయొక్కయో ధోరణిని మాత్రము పట్టుకొని, వారి పాట దేనిని గ్రహింపక, క్రొత్తగ అల్లినవి పెక్కులు. తిక్కన పద్యము ఒక్కటియైన తీసికొనక, తిక్కనయే వ్రాసెనా యనిపించునట్లు వ్రాయుటవంటిది. అందుచే ఇతడు స్వంతపాట వెలువరించినపుడెల్ల అభిమానులలో మొదట పుట్టు ప్రశ్న, ఇది ఎవరి పోలిక యని. ఒకరు గిటారు పట్టును, ఒకరు గొంతు విరుపును, మరియొకరు పల్లవి ఎత్తుగడను సాక్ష్యముగ చూపుచు వాదింతురు. అవధానసభలోని పృచ్ఛకులకు గల ఉత్సాహమే వారికిని.

మేము విన్న పాట పేరు 'స్కిప్పర్ డ్యాన్'. 2009 జూలై 14వ తేదీన అంతర్జాలమున వెలువడినది. ఆ సంవత్సరము అతడు సంపుటము పూర్తియగువరకు ఆగక పాటలను విడివిడిగ అమ్మకమునకు పెట్టెను. ఇది సంపుటమున చేరినది 2011లోనే. పండ్రెండు పాటలు ఒక్కమారు వచ్చినపుడు ఒక్కొక్కదానికి దక్కు విచారణ కొంచెము. ఒంటిగా వచ్చిన పాటను తిరుగవేసి మరుగవేసి వినుటకు వీలుండును. దీని పోలిక 'వీజర్' అను రాక్ బృందమునది. ఆ సంగతి తేలినను చర్చ తీరలేదు. ఏలయన, కథ ఇట్టిది.

కాలిఫోర్నియాలోని అనహైము పట్టణమున డిస్నీలాండ్ అను వినోదవనము 1955లో తెరువబడినది. అందు 'జంగిల్ క్రూజ్' అను పడవవిహారము నాటినుండియు గలదు. త్రవ్విన నదిపై పడవ సాగుచుండ, నీటియందు యంత్రపు నీటిగుర్రములు తలలెత్తి చెవులాడించును. పడవ నడుపువాడు దారి పొడుగున హాస్యోక్తులు పలుకుచుండవలెను. పాటలోని నాయకుడు అట్టి పడవవాడు. జూలియార్డు అను మేటి కళావిద్యాలయమున మొదటివాడుగ నెగ్గి, రంగస్థలముపై మెప్పులు పొంది, గొప్ప నటుడనగుదునని కలలుగని, తుదకు దినమునకు 34 మారులు అవే నవ్వుమాటలు వల్లించుచున్నాడు. ఇది వట్టి కల్పన కాదు. యాంకొవిక్ కుటుంబముతో ఆ పడవ నెక్కినపుడు, నడుపువాడు తన నటజీవితము ఫలింపలేదని మాటవరుసకు అనెనట. ఆ మాటయే పాటకు విత్తనము. ఈ పాటకు కదలు బొమ్మలు గీసినది దివ్యా శ్రీనివాసన్ అను చిత్రకారిణి యని తెలిసి మా పిల్ల మరింత సంతోషించినది.

వరుస చూచినచో ఉరకలు వేయుచుండును. కథ చూచినచో గుండె పట్టినట్లగును. కావున అభిమానులకు రెండవ చిక్కు వచ్చినది. హాస్యగాని పాటకు నవ్వవలెనా, నొచ్చుకొనవలెనా? మా తండ్రిగారు మాకు నేర్పిన అలంకారశాస్త్రముచే చూచినను చిక్కే. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున హాస్యమునకు కరుణము విరోధి యని చెప్పెను. విరోధులిద్దరు ఈ పాటలో ఒక్క పీటమీద కూర్చున్నారు.

మా యింటి చర్చయు ఇట్లే నడచినది. "ఆ పడవవానిని చూచి నవ్వుట తప్పుగాదా అమ్మా?" యని చిన్నవాడడిగెను. "నవ్వుచున్నది వాడు చెప్పు మాటలకు గాని, వానిని చూచి కాదు" అని పెద్దపిల్ల అనినది. "అందుకే వేషములు గీషములు వలదని పెద్దలందురు" అని అత్తగారు తేల్చిరి. అప్పుడు మేము మా వారి ముఖము చూచితిమి.

పెండ్లినాటికి వారు నాటకములలో పద్యములు పాడువారు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగమున శ్రీకృష్ణుని వేషము వేసి, ఒక పద్యమునకు మూడుమారులు వన్స్‌మోర్ చెప్పించుకొన్న రాత్రి మేము ముందువరుసలోనే యుంటిమి. సినిమాలలో చేరుమని చెప్పినవారు పలువురు. వారు పట్టణమునకు పోయిరి. ఆరు నెలలకు తిరిగి వచ్చిరి. అటుపిమ్మట పదునాలుగేండ్లుగ బడిలో తెలుగు చెప్పుచున్నారు. రామాలయము అను మాటకు సంధి చెప్పునపుడు, రాముడు గుడిలోనికి పోవుచు తన అకారమును చెప్పులతోపాటు వాకిట విడిచెనని ఏటేట అదే హాస్యమాడుదురు. ఊరిలో సగముమందికి అది కంఠస్థము.

అత్తగారి మాటకు వారు కోపింపలేదు. "అమ్మా, ఆ హాస్యము పడవవానికి ముప్పదినాలుగవమారు. పడవలోని వారికి అది మొదటిమారే గదా!" అనిరి. పెద్దపిల్ల వెంటనే "నాన్నగారూ, మీ చెప్పుల మాట మా తరగతికి ముందే తెలియును. అయినను మీరెప్పుడు చెప్పుదురా యని కాచుకొని యుంటిమి" అనినది. అప్పుడు వారు నవ్విరి. భరతముని స్మితమని చెప్పిన, పలువరుస కనబడని నవ్వు. ఆ రాత్రి వారికి చాలసేపు నిద్రపట్టలేదు. అదియు మేమెరుగుదుము.

ఆ గాయకుని బ్రతుకులోని ఒక సంగతి ఇచట చెప్పవలసియున్నది. 2004 ఏప్రిల్‌లో అతని తల్లిదండ్రులిరువురు తమ యింట పొయ్యినుండి వెలువడిన విషవాయువుచే మరణించిరి. కచేరీయాత్రలో నున్న అతడు ఆ రాత్రియు కచేరి మానలేదు. కష్టములలో తన పాటలు తమకు తోడైనవని ఎందరో చెప్పియుండిరి గనుక, తనకును తోడగునేమో యని తలచితినని పిదప చెప్పెను. నవ్వునకును శోకమునకును ఎంతటి చుట్టరికమున్నదో అట్టివాడెరుగును. పడవవాని పాటలో ఎత్తిపొడుపు మాకు కానరాకపోవుటకు ఇదియే కారణము కావచ్చును.

మా యభిప్రాయమిది. నవ్వుడు, నొచ్చుకొనుడు, రెండును ఒప్పే. ఒప్పు గానిది, ఈ పాటను బెత్తముగ వాడుట. పిల్లవాడు నటుడనగుదుననినపుడు, పడవవాని గతి పట్టునని బెదరింపరాదు. తప్పక గెలుతువని ఆశపెట్టనురాదు. చేతిలో మరియొక విద్య నుంచుకొని ప్రయత్నింపుమని చెప్పవలెను. గెలువక తిరిగి వచ్చినచో, పోకముందు వేసిన పీటయే వేసి అన్నము పెట్టవలెను.

మీ యిండ్లలోను పాట మానినవారు, వేషము విడిచినవారు ఉందురు. వారినొకమారు పాడుమని అడిగి, ఏమి జరిగెనో మాకు వ్రాయుదురుగాక.