తప్పు ఎడమ చేతిది కాదు

థాలిడోమైడ్ పేరెత్తగానే రసాయనశాస్త్రం క్లాసులో ఒక కథ చెబుతారు. ఈ మందుకు అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలున్నాయట. ఆర్ రూపం నిద్ర పట్టిస్తుందట, ఎస్ రూపం కడుపులో బిడ్డకు చేటు చేస్తుందట. మంచి రూపాన్ని వేరుచేసి ఇచ్చివుంటే ఆ మందు మింగిన తల్లుల పిల్లలు చక్కగా పుట్టేవారట. వినడానికి పొందికగానే ఉంది. కానీ ఇది తప్పు, చేటు చేసే తప్పు.

ప్రతిబింబ రూపాలకు తేడా లేదని నేననడం లేదు. ఎడమకాలి చెప్పులో కుడి పాదం ఇమడనట్టే, ఒంట్లోని ప్రొటీన్లకు ఒక రూపం అమరుతుంది, రెండోది అమరదు. పార్కిన్సన్ రోగులకు డోపా రెండు రూపాల్లో లీవోడోపాను మాత్రమే ఇస్తారు. దాని ప్రతిబింబం వైద్యానికి పనికిరాకపోగా తెల్ల రక్తకణాలను తగ్గించింది. అక్కడ వేరుచేయడం న్యాయం.

థాలిడోమైడ్ తీరు వేరు. ఆ అణువులో కీలకమైన కార్బన్‌కు అంటుకున్న హైడ్రోజన్ పట్టు వదులు. రక్తంలో అది ఊడుతుంది, మళ్లీ అతుక్కునేటప్పుడు ఏ వైపునైనా అతుక్కుంటుంది. ఆర్ రూపం ఒక్కటే మింగినా కొన్ని గంటల్లో ఒంట్లో రెండూ ఉంటాయి. ఎస్ ఒక్కటే దోషి అన్న మాటకు ఊతం 1979లో ఎలుకలపై చేసిన ప్రయోగం. అంతకుముందే, 1967లో, కుందేళ్లలో రెండు రూపాలూ పిండాలను దెబ్బతీశాయి.

1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఈ మందును, గర్భంలోని శిశువుపై దాని ప్రభావం తేల్చకుండానే వేవిళ్లకు వాడారు. 1961 చివర్లో వెనక్కి తీసుకునేసరికి వేలాది మంది పిల్లలు అవయవలోపాలతో పుట్టారు. అమెరికాలో అనుమతి దొరక్కుండా ఆపిన ఫ్రాన్సెస్ కెల్సీ ప్రతిబింబాల లెక్క తీయలేదు. నరాలు దెబ్బతింటున్నాయన్న వార్తలకు జవాబేదని, గర్భంలో బిడ్డకు హాని లేదనడానికి రుజువేదని కంపెనీని నిలదీశారు.

పాఠంలోని కథ ఈ నిలదీతను మింగేస్తుంది. పరీక్షించకుండా అమ్మినవాళ్ల తప్పును ఒక అణువు మీదికి నెట్టేస్తుంది.

కుష్ఠు రోగుల్లో వచ్చే తీవ్రమైన రియాక్షన్‌కూ, మల్టిపుల్ మైలోమాకూ థాలిడోమైడ్ నేటికీ ఇస్తున్నారు, రెండు రూపాలూ కలిపే. స్త్రీలకు ఇచ్చేముందు గర్భం లేదని పరీక్షచేసి చూస్తారు, వాడినన్నాళ్లూ గర్భనిరోధం తప్పనిసరి అంటారు. బిడ్డల్ని కాపాడుతున్నది ఆ కట్టుదిట్టమే. క్లాసులో చెప్పాల్సిన పాఠం అది.