సప్లీ రాయిస్తున్నాం సరే, పాఠం మళ్ళీ ఎప్పుడు చెబుతాం?

బీటెక్ రెండో ఏడాది ముగిసేసరికి 80 క్రెడిట్లలో కనీసం 48 తెచ్చుకున్నవాళ్ళే మూడో ఏడాదికి వెళ్తారు. 47 దగ్గర ఆగినవాళ్ళు వెళ్ళరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్లలో ఉన్న లెక్క ఇది. మొదటి ఏడాది దాటాలంటే 40లో 20 కావాలి. మూడో ఏడాది దాటాలంటే 120లో 72 కావాలి. చాలా ల్యాబులకు ఉండేది ఒక్క క్రెడిటే. అంటే ఒక ల్యాబ్ పరీక్ష పోయినందుకు ఏకంగా ఏడాది పోయే పరిస్థితి రావచ్చు.

నేను లెక్కల టీచర్ని. శంషాబాద్ చుట్టుపక్కల ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు మ్యాట్రిసెస్, కాలిక్యులస్ చెబుతాను. పిల్లలు దాన్ని ఎం-వన్ అంటారు. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు దిగడం మొదలైనప్పటి నుంచి ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. ఎం-వన్ పోగొట్టుకుని, దాన్ని మూడో ఏడాది దాకా, నాలుగో ఏడాది దాకా మోసుకెళ్ళే పిల్లల్ని ఏటా చూస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. క్రెడిట్ల గీత ఉండకూడదని నేను అనను. క్రెడిట్లు చాలనివాళ్ళను ఆపేసే డిటెన్షన్ ఎత్తేయాలని విద్యార్థి సంఘాలు అడుగుతుంటాయి. ఆ కోరిక వెనకున్న బాధ నాకు తెలుసు, అయినా ఒప్పుకోలేను. కరోనా కాలంలో పిల్లల్ని క్రెడిట్లతో పని లేకుండా పైకి పంపాం. అప్పుడు అది తప్పలేదు. కానీ కాలిక్యులస్ రానివాడిని సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ తరగతిలో కూర్చోబెడితే వాడికి ఆ పాఠం కూడా అందదు. బ్యాక్‌లాగ్ మీద బ్యాక్‌లాగ్ పేరుకుంటుంది. ఎక్కడో ఒకచోట ఆపి, దీన్ని సరిచేసుకుని రా అని చెప్పడం న్యాయమే. నా పేచీ అంతా ఆపిన తర్వాత జరిగేదాని మీదే.

క్రెడిట్లు చాలక ఆగిన పిల్లవాడికి ఆ ఏడాది తరగతి ఉండదు. పై తరగతిలోకి రానివ్వరు, కింది తరగతిలో మళ్ళీ కూర్చోబెట్టరు. వాడు చేయవలసిందల్లా సప్లిమెంటరీ పరీక్ష (సప్లీ) నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండటం, ఫీజు కట్టటం, హాల్ టికెట్ తెచ్చుకుని రాయటం. కావలసిన క్రెడిట్లు వస్తే మరుసటి ఏడాది జూనియర్లతో కలిసి పై తరగతిలో చేరతాడు. ఈలోగా రెగ్యులేషన్ మారిందా, చేరిన బ్యాచ్ నియమాలే వాడికి వర్తిస్తాయి. కొత్త సిలబస్‌లో ఉండి తను చదవని సబ్జెక్టులు అదనంగా రాయాలి. ఆర్09, ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్22 అంటూ రెండు నుంచి నాలుగేళ్ళకోసారి నియమాలు మారుతూ వచ్చాయి. అందుకే ఇది ఎవరో ఒకరిద్దరికి వచ్చే చిక్కు కాదు.

ఇక్కడ ఇంకో విడ్డూరం ఉంది. హాజరు 75 శాతం లేకపోతే, 65 దాకా సరైన కారణం చూపించి, ఫీజు కట్టి మినహాయింపు తెచ్చుకోవచ్చు. 65 కన్నా తగ్గితే పరీక్షకే రానివ్వరు. ఆ సెమిస్టర్ మొత్తం మళ్ళీ చదవాలి, మళ్ళీ తరగతికి రావాలి. అంటే కాలేజీకి రానివాడికి పాఠం రెండోసారి వినే అవకాశం ఉంది. రోజూ వచ్చి, ముందు బెంచీలో కూర్చుని, అర్థం కాక ఫెయిలైనవాడికి ఆ అవకాశం లేదు. ఎవరికి పాఠం ఎక్కువ అవసరమో వాళ్ళకే తలుపు మూశాం.

ఆ ఏడాది మా ఊరి పిల్లలు ఎటు పోతారో చెబుతాను. గగన్‌పహాడ్ నుంచి తొండుపల్లి, పాల్మాకుల మీదుగా కొత్తూరు దాకా బెంగళూరు రోడ్డు పొడవునా గోడౌన్లు. విమానాశ్రయంలో కార్గో, సామాన్ల లోడింగ్, పార్కింగ్, క్యాబులు. పద్దెనిమిది నిండిన మనిషికి ఇక్కడ పని దొరకడం కష్టం కాదు. ఖాళీగా ఉన్న కుర్రాడు ముందు రెండు నెలలు చేద్దామని వెళ్తాడు. రాత్రి షిఫ్ట్ చేసి పొద్దున నిద్రపోయేవాడు లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్స్ ఎప్పుడు చదువుతాడు? నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతానికి ఇల్లు అలవాటు పడుతుంది. నవంబరులో సప్లీ అంటే సెలవివ్వలేదంటాడు. కొందరు తిరిగి వస్తారు. కొందరు రారు. ఆ పని తక్కువదని నేననడం లేదు, ఎన్నో ఇళ్ళు దాని మీదే నడుస్తున్నాయి. కానీ ఇంజినీర్ కావాలని వచ్చిన పిల్లవాడు అక్కడే ఆగిపోవడం వాడు ఎంచుకున్నది కాదు.

విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్ చేసే ఒక తల్లి డిటెన్షన్ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. షిఫ్ట్ దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది. కాగితంలో ఏముందో చదివి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఏడాదంతా ఇంట్ల కూసుంటే ఉన్నది గూడ మర్చిపోతడు గద మేడం, మల్ల ఎట్ల పాసైతడు?" అని అడిగింది. రెగ్యులేషన్లు రాసే కమిటీల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు ఎవరైనా ఉన్నారేమో నాకైతే తెలియదు.

ఆమెకు ఇంకో దెబ్బ కూడా ఉంది. డిటెయిన్ అయిన ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మన దగ్గర 2008 నుంచి ఈ పథకం మీద ఆధారపడి చదువుకున్న పేద కుటుంబాలు లెక్కలేనన్ని. ఫెయిలయ్యే అవకాశం ఎక్కువున్నదీ ఆ ఇళ్ళ పిల్లలకే. తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠంలో పడినవాళ్ళు వాళ్ళు, ఇంట్లో అడిగి చెప్పించుకునే మనిషి లేనివాళ్ళు వాళ్ళు. ఫెయిలైతే డబ్బు ఆగేదీ వాళ్ళకే.

ఇక ఇంటర్నల్ మార్కులు. లెక్కల టీచర్ని కాబట్టి దీన్ని వదలలేను. ఆర్22లో ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21 రావాలి, రెండూ కలిపి 40 కావాలి. సప్లీ ఎన్నిసార్లు రాసినా మొదట వచ్చిన ఇంటర్నలే వెంట వస్తుంది. ఇంటర్నల్ 30 ఉన్నవాడికి ఎక్స్‌టర్నల్‌లో 21 చాలు. 15 ఉన్నవాడికి 25 కావాలి. అంతకుముందు ఆర్18లో 25, 75 లెక్క. ఇంటర్నల్ 5 వచ్చినవాడు 75లో 35 తెచ్చుకోవాలి, తోటివాడికి 26 చాలు. ఇంటర్ నుంచి వచ్చిన కొత్తలో, హాస్టల్ అన్నం పడక, మాటలు అర్థం కాక రాసిన మిడ్ పరీక్ష మార్కు నాలుగో ఏడాదిలో కూడా వాడి మెడకే వేలాడుతుంది. మధ్యలో వాడు ఎంత నేర్చుకున్నా ఆ అంకె కదలదు.

రీ-రిజిస్ట్రేషన్ ఉంది కదా అనేవాళ్ళుంటారు. నిజమే, ఇంటర్నల్ బాగా తక్కువ వచ్చినవాళ్ళు సబ్జెక్టుకు మళ్ళీ పేరు నమోదు చేసుకుని, పాత మార్కులు వదులుకుని, తరగతికి రావచ్చని రెగ్యులేషన్లలో ఒక క్లాజు ఉంది. దాన్ని రాసినవారికి దండం పెడతాను. కానీ ఆ తరగతి జూనియర్ల టైమ్‌టేబుల్‌లో ఉంటుంది. మంగళవారం పది గంటలకు నా ఎం-వన్ పాఠం జరుగుతుంటే, అదే గంటలో ఆ పిల్లవాడికి రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ క్లాసు. ఇక్కడికొస్తే అక్కడ హాజరు పోతుంది. అలా వచ్చి కూర్చున్నవాళ్ళు నా తరగతిలో చాలా అరుదు. చాలామందికి ఆ క్లాజు ఉందన్న సంగతే తెలియదు.

ఇదే శంషాబాద్‌లో, కాలేజీ బస్సు దాటే గోడకు అవతల, ఇంకో రకం పరీక్షా విధానం నడుస్తోంది. విమానాల మరమ్మతు చేసే షెడ్లు విమానాశ్రయం ఆవరణలో ఉన్నాయి. 2025లో సఫ్రాన్ సంస్థ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం కూడా అక్కడే వచ్చింది. విమానం మరమ్మతు పూర్తయిందని సంతకం పెట్టే ఇంజినీరుకు లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు పరీక్షలు మాడ్యూళ్ళుగా ఉంటాయి, ఒక్కోదానిలో 75 శాతం వస్తేనే పాస్. మనలా 40 కాదు. మొదటి మాడ్యూల్ లెక్కలే. ఇంత కఠినంగా ఉండే ఆ విధానంలో ఫెయిలైనవాళ్ళ కోసం ఏం రాసుకున్నారో చూడండి. ఐరోపా విమాన భద్రతా నియమాల్లో, పార్ట్-66లో, ఫెయిలైన మాడ్యూల్‌ను 90 రోజుల దాకా మళ్ళీ రాయకూడదు. కానీ గుర్తింపు పొందిన శిక్షణ సంస్థ ఆ విద్యార్థి ఏ అంశాల్లో తప్పాడో వాటి మీదే మళ్ళీ శిక్షణ ఇస్తే 30 రోజులకే రాయవచ్చు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టుకున్న కార్-66 నియమాలు ఆ నమూనాను అనుసరించినవే.

ఈ నియమం చదివిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. ప్రమాణం ఒక్క మార్కు తగ్గించలేదు, 75 అంటే 75. ఊరికే ఎదురుచూసినవాడికి మూడు నెలలు, మళ్ళీ నేర్చుకున్నవాడికి ఒక్క నెల. మన నియమంలో ఎదురుచూపు మాత్రమే ఉంది, అదీ ఏడాది.

ఆగస్టు వచ్చిందంటే అర్ధరాత్రి డిపార్చర్స్ దగ్గర నిలబడటానికి చోటుండదు. అమెరికాకు ఎంఎస్‌కు వెళ్ళే పిల్లలు, సాగనంపడానికి జీపుల్లో వచ్చిన బంధువులు. అక్కడికెళ్ళాక ఒక కోర్సు పోతే ఏం చేస్తారో ఆ పిల్లల్నే అడగండి. మళ్ళీ ఆ కోర్సుకు రిజిస్టర్ అవుతారు, ఫీజు కడతారు, మళ్ళీ పాఠం వింటారు, అసైన్‌మెంట్లు మళ్ళీ చేస్తారు, మార్కులన్నీ కొత్తగా పడతాయి. మన ఐఐటీల్లోనూ ఎఫ్ గ్రేడ్ వస్తే చాలావరకు కోర్సునే మళ్ళీ చేయాలి. మంచి ర్యాంకు వచ్చినవాడికి రెండోసారి పాఠం చెప్పడం సబబే అయినప్పుడు, లక్షా చిల్లర ర్యాంకుతో నా తరగతికి వచ్చినవాడికి ఎందుకు కాదు?

జవాబు పత్రం సంగతి కూడా చెప్పాలి. తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు పరీక్ష రాసినవారికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో, సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో చెప్పింది. మన పిల్లలు ఆ పత్రాన్ని మామూలుగా చూడనే చూడరు. రీకౌంటింగ్‌కు ఒక ఫీజు, రీవాల్యుయేషన్‌కు అంతకన్నా పెద్ద ఫీజు. ఎక్కడ తప్పు చేశాడో తెలియకుండా అదే పేపర్ మళ్ళీ రాస్తే అదే తప్పు చేస్తాడు. మార్కులు పెంచమని కాదు, పత్రం చూపించమని అడుగుతున్నాను. ఇంటర్ బోర్డు ఫలితాల్లో తప్పులు దొర్లి రాష్ట్రమంతా అల్లాడిన 2019లో, ఫెయిలైన వారందరి పత్రాలనూ ఉచితంగా మళ్ళీ సరిచూడాలని ప్రభుత్వమే ఆదేశించింది. పిల్లల ప్రాణాలు పోయాక ఇచ్చిన ఆదేశం అది. లక్షల పత్రాలకు అప్పుడు చేయగలిగాం, విశ్వవిద్యాలయంలో ఫెయిలైన పేపర్ల స్కాన్ కాపీని లాగిన్‌లో పెట్టడం అంతకంటే పెద్ద పనా?

నేను కోరేది చిన్న మార్పు. రెండో సెమిస్టర్ పరీక్షలయ్యాక వేసవిలో కొన్ని వారాలు కాలేజీలు ఖాళీగా ఉంటాయి. అందులో ఆరు వారాల పాటు, ఎక్కువమంది ఫెయిలైన సబ్జెక్టులకు రోజుకో గంటన్నర చొప్పున మళ్ళీ పాఠం చెప్పాలి. ఒక విద్యార్థికి రెండు సబ్జెక్టులకు మించి వద్దు, తట్టుకోలేడు. వచ్చినవాళ్ళకు కొత్తగా మిడ్ పెట్టి, పాత ఇంటర్నల్ తీసేసి ఇది వేయాలి. వెంటనే సప్లీ పెట్టి, పై తరగతి మొదలయ్యేలోపు ఫలితం ఇవ్వాలి. సప్లీ ఫలితం రాకముందే పిల్లవాడు మూడో ఏడాది తరగతిలో నెల రోజులు కూర్చుని, తర్వాత లేచి బయటికి వెళ్ళిపోవడం నేను చూశాను. అలా లేపే పని ఏ టీచరుకూ రాకూడదు. డిటెయిన్ అయినవాళ్ళకు ఏడాది పొడవునా సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇవే తరగతులు ఉండాలి. వాళ్ళ ఐడీ కార్డు, లైబ్రరీ, కాలేజీ బస్సు పాస్ ఆగకూడదు. ఈ తరగతులకు వచ్చి 75 శాతం హాజరు తెచ్చుకున్నవాళ్ళకు ఒక్కసారికి రీయింబర్స్‌మెంట్ కొనసాగించాలి.

డబ్బెక్కడిదని యాజమాన్యాలు అడుగుతాయి. రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం వాళ్ళు కాలేజీలు మూసి నిరసన తెలిపే రోజులివి, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈ తరగతులు చెప్పేవారికి గంటల లెక్కన విశ్వవిద్యాలయమే ఇవ్వాలి. సప్లీ ఫీజులు, రీవాల్యుయేషన్ ఫీజులు దానికే చేరుతున్నాయి కదా, ఫెయిలైనవాళ్ళ దగ్గర వసూలైన డబ్బు ఫెయిలైనవాళ్ళకు పాఠం చెప్పడానికే ఖర్చు కావాలి. అటానమస్ కాలేజీలు తమ పరీక్షలు తామే పెట్టుకుంటాయి కాబట్టి వాటికి విశ్వవిద్యాలయం మార్పు కోసం ఆగవలసిన పనిలేదు. అకడమిక్ కౌన్సిల్‌లో పెట్టి, వచ్చే వేసవికే ఎం-వన్‌తో మొదలుపెట్టవచ్చు.