నడుస్తారా, మంచం మీదేనా?

కిందటి చలికాలంలో మా అత్తయ్యగారు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపిస్తూ, కొన్నాళ్ళపాటు ఆ కాలి మీద బరువు పెట్టనివ్వొద్దని చెప్పారు. ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న డైపర్లు రెండు రోజులకి సరిపోయాయి. అవి అయిపోయేలోపు తెప్పించాలని, వంటిల్లు సర్దేసి రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

పేజీ తెరిస్తే వరసగా గడులు. ఎం, ఎల్, ఎక్స్‌ఎల్. పది, ముప్ఫై. టేప్, ప్యాంట్స్. ఆస్పత్రిలో నర్సమ్మ పక్కలకి అంటించేది వాడింది కాబట్టి టేప్ నొక్కాను. తర్వాత ఎల్ నొక్కాను, ముప్ఫై నొక్కాను, డబ్బు కట్టేశాను. ఒక పనైపోయిందని పడుకున్నాను.

వచ్చినవి ప్యాంట్స్. అంటే నిక్కరులాగా కాళ్ళలోంచి ఎక్కించాల్సినవి. లేచి నిలబడగలిగినవాళ్ళకి అవి ఎంతో సుఖం. కాలు కదిపితేనే ప్రాణం పోతోందనే మనిషికి ఎలా తొడగను? అయినా ప్రయత్నించాను. ఆవిడ పళ్ళ బిగువున ఓర్చుకుని, చివరికి "వద్దులే అమ్మాయీ" అన్నారు. ఆ రాత్రి పాత నేతచీర చింపి మడతలు వేసి గడిపాం. వాపసు ఇద్దామంటే, ఇలాంటి వస్తువులు పరిశుభ్రత కారణాల వల్ల తీసుకోబడవు అని ఎక్కడో అడుగున ఉంది. దాదాపు వెయ్యి రూపాయల సరుకు.

మావారు ఒకే మాటన్నారు, "చూసుకుని పెట్టొద్దూ?" అని. కోపంగా కాదు, మామూలుగానే. నిజానికి ఆయన అనకముందే నన్ను నేను అదే అనుకున్నాను. చదువుకున్నదాన్ని, ఆ మాత్రం చూసుకోలేకపోయానా అని.

మర్నాడు వీధి చివర మెడికల్ షాపుకి వెళ్ళాను. డైపర్లు కావాలనగానే అతను అలమర వైపు కూడా తిరగకుండా ఒకటే అడిగాడు. "పేషెంట్ నడుస్తారా అమ్మా, మంచం మీదేనా?" మంచం మీదే అన్నాను. "నడుము ఎంతుంటుంది, మీ అంతా, ఇంకొంచెం ఎక్కువా?" అన్నాడు. రెండు ప్రశ్నలు, అర నిమిషం. సరైన ప్యాకెట్టు చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక కుతూహలం ఆగక మళ్ళీ ఆ పేజీ తెరిచి, రాత్రి చేసినట్టే ఒక్కొక్కటీ నొక్కి చూశాను. విషయం అప్పుడు బయటపడింది. టేప్ రకంలో ఎల్ సైజు ఆ పేజీలో లేదు. నేను ఎల్ నొక్కగానే పేజీ తనంతట తానే ప్యాంట్స్‌కి మారిపోయింది. టేప్ అన్న గడి కాస్త వెలిసినట్టయింది, అంతే. బొమ్మలో ప్యాకెట్టు రంగు అదే, నవ్వుతున్న పెద్దావిడ అదే. "మీరడిగిన రకంలో ఈ సైజు లేదు" అన్న ఒక్క వాక్యం ఎక్కడా లేదు.

అప్పటినుంచి నాకో అభిప్రాయం స్థిరపడింది. ఆన్‌లైన్ కొనుగోళ్ళలో మనం "నా పొరపాటు" అనుకునేవాటిలో చాలా భాగం మన పొరపాట్లు కావు. ఏ రెండిటికీ తేడా ఏమిటో చెప్పకుండా ఎంచుకోమనడం వల్ల వచ్చేవి. కానీ ఇంట్లో మాట పడేది మాత్రం ఆర్డర్ పెట్టిన ఆడమనిషి.

మీ ఇంట్లో కూడా వెతికి చూడండి, ఇలాంటివి తేలతాయి. కుక్కర్ గ్యాస్కెట్ తెప్పిస్తాం. అయిదు లీటర్లది అని నొక్కుతాం. మూత లోపలికి బిగిసేదా, పైన కూర్చునేదా అన్నది అక్కడ అడగరు. అది ఇంటికొచ్చి, మూత పట్టక, పప్పు ఉడక్క మనకి తెలుస్తుంది. చీర తీసుకుంటే రంగు దగ్గర "మల్టీకలర్" అని ఉంటుంది. వంగపండు, మిరపపండు, చిలకపచ్చ, నెమలికంఠం అంటూ రంగుకో పేరున్న భాష మనది. దుకాణంలో సేల్స్ కుర్రాడు కూడా అలాగే చెబుతాడు. అయిదున్నర మీటర్ల చీరకి రవిక గుడ్డ విడిగా ఉందా, అందులోంచే కత్తిరించుకోవాలా అన్నది కూడా పేజీ అంతా గాలించినా దొరకదు.

ఇక కందిపప్పు. అరకిలో, కిలో, రెండు కిలో ప్యాకెట్లు కలిపి. పెద్దది కొంటే కలిసొస్తుందని అలవాటుగా నొక్కేస్తాం. ఒక్కోసారి లెక్కేస్తే చిన్న ప్యాకెట్లే చవక. ప్యాకెట్ల మీద విడి ధర కూడా వేయాలని నిబంధన ఉంది. కిలో లోపు బరువైతే గ్రాముకి ఎంత, కిలో దాటితే కిలోకి ఎంత అని. మీ డబ్బాల్లో పోసేముందు ప్యాకెట్టు తిప్పి చూడండి. అదే అంకె మనం ఎంచుకునే గడి పక్కనే పెడితే ఎంత హాయి!

మోసాలమీద ప్రభుత్వం కొంత పట్టించుకుంది. అడగని వస్తువు బుట్టలో వేసేయడం, ఇంకా రెండే మిగిలాయని అబద్ధపు తొందర పెట్టడం, చివర్లో ధర పెంచడం లాంటి 13 రకాల మాయల్ని 2023 నవంబర్‌లో మార్గదర్శకాల్లో పేర్లు పెట్టి మరీ నిషేధించారు. మంచిదే. కానీ నాకు జరిగింది మోసం అని నేను అనను. ఎవరికీ నన్ను ముంచాలన్న ఉద్దేశం ఉండి ఉండదు. అది అశ్రద్ధ. మనకయ్యే నష్టం మాత్రం రెండిటికీ ఒకటే.

లక్షల వస్తువులు అమ్మేచోట ప్రతిదానికీ ఇంత వివరం ఎలా రాస్తారు అని మా అమ్మాయి అడిగింది. రాయాల్సింది సైట్ వాళ్ళు కాదు, అమ్మేవాళ్ళు. సైట్ వాళ్ళు చేయాల్సింది, ఆ వివరం నింపనిదే వస్తువు పెట్టనివ్వకపోవడం. ధర రాయకుండా ఎవరినీ అమ్మనివ్వరు కదా? అలాగే ఇదీ.

నేను కోరేవి పెద్ద కోరికలేం కాదు. ప్రతి రకం కింద అది ఎవరికి పనికొస్తుందో ఒక్క ముక్క ఉండాలి. టేప్ దగ్గర "మంచం మీద ఉన్నవారికి" అని, ప్యాంట్స్ దగ్గర "లేచి నడిచేవారికి" అని. ఎల్ అంటే నడుము ఎన్ని సెంటీమీటర్లో అక్కడే రాయాలి, ఎందుకంటే ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎల్ ఒకటి కాదు. కావాల్సిన జోడీ లేకపోతే లేదని చెప్పాలి, మాట్లాడకుండా ఇంకోటి అంటగట్టకూడదు. వాపసు లేని వస్తువైతే ఆ సంగతి డబ్బు కట్టాక కాదు, ఎంచుకునేటప్పుడే కనపడాలి. ఇవన్నీ తెలుగులో ఉండాలి. పేజీ అంతా తెలుగులోకి మారి, అసలు ఎంచుకోవాల్సిన గడుల్లో మాత్రం ఇంగ్లీషు పొట్టి అక్షరాలుంటే ఎవరికి లాభం?

"అంత కష్టమైతే షాపులోనే కొనుక్కోవచ్చుగా" అనేవాళ్ళు ఉంటారు. కొన్ని వస్తువులు నలుగురి మధ్య నిలబడి అడగలేం. శానిటరీ ప్యాడ్లని నల్ల కవర్లో చుట్టిచ్చే రోజులు చూసినవాళ్ళం. మంచానికి కట్టుబడిన మనిషిని ఒంటరిగా వదిలి గడప దాటలేని రోజులుంటాయి. ఆన్‌లైన్ మనకి అవసరం. అందుకే అది బాగుండాలని అడుగుతున్నాను.

ఈలోగా మనం చేయగలిగింది కూడా ఉంది. డబ్బు కట్టేముందు బుట్టలో ఉన్న వస్తువు పూర్తి పేరు ఒకసారి పైకి చదవండి. పైకి చదివితే కళ్ళు దాటేసింది చెవికి తగులుతుంది. తప్పు వస్తువు వస్తే ఊరుకోకుండా సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. అక్కడ పని కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డబ్బు వెనక్కి వచ్చినా రాకపోయినా, "చూసుకోలేదు" అన్న మాట మన ఒక్కరి మీదే పడకుండా ఉంటుంది.

అత్తయ్యగారు ఇప్పుడు వాకర్ పట్టుకుని హాల్లోకి వస్తున్నారు. అటక మీద పెట్టేసిన ఆ ముప్ఫై ప్యాంట్స్ దించాను. రాత్రిపూట వేసుకుంటున్నారు. "ఇవే బాగున్నాయి అమ్మాయీ" అన్నారు మొన్న. సరుకులో ఏ లోపమూ లేదు. నడుస్తారా, మంచం మీదేనా అని ఆ రాత్రి నన్ను ఎవరూ అడగలేదు, అంతే.