వెన్నులో సూది: భయమూ వద్దు, భ్రమా వద్దు

పిరుదులో పుట్టి తొడ, మోకాలు, పిక్కల మీదుగా పాదం వరకు లాగే నొప్పిని చరక సంహిత గృధ్రసి అని పేర్కొన్నది. నేడు దానినే సయాటికా అంటున్నారు. దీనికి డాక్టరు ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ సూచించగానే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ‘వెన్నులో సూది పడితే కాళ్లు పడిపోతాయి’ అన్నది మొదటిది. ‘ఒక్క సూదితో రోగం పోతుంది’ అన్నది రెండవది. మొదటిది అతిభయం, రెండవది భ్రమ.

ఈ మందును వెన్నుపాములోనికి ఎక్కించరు. వెన్నుపామును కప్పిన పొరకు వెలుపల ఉన్న ఖాళీలో ఉంచుతారు. 1901లో పారిస్‌లో సికార్, కాతెలిన్ అను ఇద్దరు వైద్యులు వేర్వేరుగా ఈ మార్గాన్ని ప్రకటించారు. నేడు సాధారణంగా స్టెరాయిడ్‌ను, తిమ్మిరి మందును కలిపి ఇస్తారు. పక్కకు జరిగిన డిస్కు వల్ల నరం మొదట కలిగిన వాపును స్టెరాయిడ్ తగ్గిస్తుంది. ఉపశమనం కొద్ది రోజులలో కనిపించి కొన్ని వారాలు, ఒక్కొక్కరికి కొన్ని నెలలు నిలుస్తుంది. కొందరికి అసలు కలుగదు. కాలిలోకి దిగే నొప్పికి ఉపకరించినంతగా కేవలం నడుము నొప్పికి ఇది ఉపకరించదు. డిస్కును యథాస్థానానికి చేర్చే శక్తి దీనికి లేదు.

మరి ప్రయోజనమేమి? వ్యవధి లభించడమే. జరిగిన డిస్కు చాలామందిలో వారాలు, నెలలు గడిచేకొద్దీ తనంతట తానే కుంచించుకొంటుంది. అందాక నిద్రలేక, అడుగు వేయలేక బాధపడే రోగికి ఈ సూది ఊరట. ‘అది నొప్పిని అణచివేయడమే, మాది మూలచ్ఛేదం’ అని మా వైద్యులలో కొందరు అంటారు. అది న్యాయం కాదు. మా తైలాలతో నయమైనదని మేము చెప్పుకొనే గృధ్రసిలోనూ ప్రకృతి చేసిన పని ఎంతో ఉన్నది. నొప్పి తగ్గిన ఆ వ్యవధిలో మెల్లగా నడక పెంచి, నడుము కండరాలకు బలం చేకూర్చుకొనవలెను. బరువులెత్తి దానిని వృథా చేసుకొనరాదు.

అపాయం లేదనీ చెప్పరాదు. చూపు పోవడం, పక్షవాతం, మరణం వంటివి అరుదుగా సంభవించినట్లు 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కనుక ఎక్స్‌రే తెరపై సూది మార్గాన్ని చూస్తూ చేసే అనుభవజ్ఞుని వద్దకే వెళ్లవలెను. మధుమేహులకు కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది. రక్తం పలుచబరచే మాత్రలనే కాదు, మా వద్ద తీసుకొన్న మందులను సైతం దాచకుండా డాక్టరుకు చెప్పవలెను.

వావిలాకు కాపడం హాయినిస్తుంది. కాని స్పర్శ తగ్గిన కాలికి వేడి పెట్టరాదు, కాలినా తెలియదు. సూది వేసినచోట కొన్ని రోజులు మర్దన కూడదు.

మూత్రం బంధించినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, మర్మస్థానం చుట్టూ తిమ్మిరి కమ్మినా, పాదం పైకి లేవకపోయినా క్షణం ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి చేరవలెను. అక్కడ తైలానికీ తావు లేదు, ఈ సూదికీ తావు లేదు. తక్కిన సందర్భాలలో నిర్ణయం రోగిది. ఆ నిర్ణయం తెలిసి చేసినదై ఉండవలెను.